రేసు కారా, షోరూమా, గనా, మన షెడ్డా: ఐటీఐ చేసిన కుర్రాడు ఎటు వెళ్లాలి?

పోయిన విశ్వకర్మ పూజ నాడు షెడ్డు కడిగి, పానాలన్నీ వరసగా పేర్చి బొట్లు పెడుతుంటే మా మేనల్లుడు ఫోన్ తెచ్చి నా మొహం ముందు పెట్టాడు. ‘చూడు మావయ్యా, కారు ఆగింది, వెళ్లిపోయింది. నాలుగు టైర్లూ మార్చేశారు!’ 2023లో ఖతార్ ఫార్ములా వన్ రేసులో మెక్‌లారెన్ జట్టు 1.80 సెకన్లలో టైర్లు మార్చిన వీడియో అది. వాడు ఐటీఐలో మోటారు వెహికల్ మెకానిక్ కోర్సు రెండేళ్లూ పూర్తి చేశాడు. ఇప్పుడు వాడికి రేసు కార్లు తప్ప ఇంకేమీ కనపడటం లేదు. మా అక్కకేమో దమన్‌జోడి బాక్సైట్ గని ఉద్యోగం తప్ప ఇంకేమీ కనపడటం లేదు.

మాది ఒడిశాలోని రాయగడ. నేను ఒక కంపెనీ సర్వీస్ సెంటర్లో ఏడాదిన్నర, ఆ తర్వాత కోయంబత్తూరులో ఫార్ములా కార్ల (ఒకే సీటుండే రేసు కార్ల) మీద ఏడు సీజన్లు పనిచేశాను. చివరి రెండు సీజన్లు చిన్న జట్టుకు చీఫ్ మెకానిక్‌ని. తిరిగొచ్చి గుణుపురం రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్నాను. గని పని నేను చేయలేదు, మా తోడల్లుడు చేస్తున్నాడు. గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, కొరాపుట్ వైపు మన తెలుగు ఇళ్లలో ఇదే గొడవ నడుస్తున్నవాళ్లు ఉంటారు కాబట్టి, వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ వీడియో సంగతి తేల్చాలి. ఫార్ములా వన్‌లో ఒక కారు చుట్టూ ఇరవై మంది దాకా నిలబడతారు. చక్రానికి ముగ్గురు చొప్పున, ముందు జాక్, వెనక జాక్ వేరు. 2010 నుంచి అక్కడ రేసు మధ్యలో పెట్రోలు పోయడం లేదు కాబట్టి టైర్ల పని అవగానే కారు వెళ్లిపోతుంది. అమెరికాలో ఇండీకార్ పోటీల్లో పద్ధతి వేరు. పిట్ (కార్లు ఆపి పనిచేసే చోటు) గోడ దాటి వచ్చేది ఆరేడుగురే, చక్రానికి ఒక్కడే, పైగా ఇంధనం కూడా నింపాలి. మరి మన దేశంలో? ఫార్ములా రేసులు చాలావరకు కొద్ది ల్యాపుల చిన్న రేసులు. మధ్యలో టైరు మార్చే పనే ఉండదు. నేను ఏడు సీజన్లలో రేసు నడుస్తుండగా చక్రం మార్చింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అదీ పంక్చరైతేనో, వాన పడితేనో. ఆ రెండు సెకన్ల కోసం వెళ్లేవాడికి అక్కడ ఆ రెండు సెకన్లు దొరకవు.

దొరికేది ఏమిటంటే, బాగున్న బండిని విప్పి మళ్లీ బిగించడం. షెడ్డుకూ రేసుకూ ఉన్న అసలు తేడా నా లెక్కలో ఇదే. మన దగ్గరికి బండి పాడై వస్తుంది. చప్పుడు వినాలి, పొగ రంగు చూడాలి, ఎక్కడుందో పట్టుకోవాలి. రేసు కారు పాడవకుండానే విప్పుతాం. ప్రతి సెషన్ తర్వాత చక్రాలు తీసి, అవి కూర్చునే హబ్బులు, డ్రైవ్ షాఫ్టులు, బ్రేక్ ప్యాడ్లు, సస్పెన్షన్ చివర జాయింట్లు వరసగా చూస్తాం. చూసిన ప్రతి బోల్టునీ టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో) బిగించి, దాని మీదుగా రంగు గీత గీస్తాం. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి కనిపిస్తే బోల్టు తిరిగిందన్నమాట. అస్సలు వదులవకూడని బోల్టుల తలల్లో రంధ్రం ఉంటుంది. అందులోంచి సన్న తీగ దూర్చి, మెలి పెట్టి, బోల్టు వదులయ్యే వైపు తిరగకుండా పక్కదానికి కట్టేస్తాం. ఈ పని ఉదయం చేస్తాం, మధ్యాహ్నం చేస్తాం, రాత్రి లైటు వేసుకుని మళ్లీ చేస్తాం. పదింట తొమ్మిదిసార్లు తప్పేమీ దొరకదు. దొరకనందుకు విసుగు రానివాడే ఆ పనికి పనికొస్తాడు.

నా రెండో సీజన్లో ఒక శనివారం వెనక ఎడమవైపు సస్పెన్షన్ రాడ్డు పొడవు సరిచేసి లాక్ నట్టు బిగిస్తున్నాను. సగంలో ఎవరో పిలిచారు. వెళ్లొచ్చి, బిగించేశాననుకుని చక్రం ఎక్కించేశాను. మూడో ల్యాపులో డ్రైవర్ కారు మెల్లగా లోపలికి తెచ్చేశాడు, వెనక భాగం ఒకవైపుకు లాగుతోందని. ఏ దెబ్బా తగల్లేదు గానీ, పోయేదే. మా చీఫ్ ఒక్క మాట అనలేదు. ఆ తర్వాతి రెండు రేసులు నా చేత చక్రాలు కడిగించాడు, అంతే. అక్కడ నేర్చుకున్న నియమం ఇప్పటికీ నా షెడ్డులో నడుస్తుంది: బిగించేటప్పుడు మధ్యలో ఎవరైనా పిలిస్తే, ఆ వరసలోని బోల్టులన్నీ వదులుచేసి మొదటి దాని నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

షెడ్డు

ఇంత చెప్పాక షెడ్డు తక్కువ పని అనుకోకండి. ఆలోచన ఎక్కువ షెడ్డులోనే. సామాను దొరకదు, కస్టమర్ సాయంత్రానికి బండి కావాలంటాడు, బరంపురం నుంచి పార్సిల్ రేపు గానీ రాదు. ఆ పూటకు ఏదో ఒకటి చేసి నడిపించేవాడే మేస్త్రి. రేసులో ఆ తెలివి పాపం. బుష్షు లేదని రబ్బరు ముక్క కోసి పెడితే ఆ రోజే ఇంటికి పంపేస్తారు. అందుకే పదిహేనేళ్ల వయసు నుంచి షెడ్డులో చేయి తిరిగిన కుర్రాళ్లు ఫార్ములా జట్టులో చేరి మూడు నెలల్లో వెనక్కి వచ్చేయడం చూశాను. పని రాక కాదు, చేతులు ఊరుకోక.

షెడ్డులో డబ్బు మనదే, అప్పులూ మనవే. మజ్జిగౌరమ్మ గుడికి వచ్చే ఆదివారం బళ్లు, పెళ్లిళ్ల సీజన్లో జీపులు, ఆటోల పాత బాకీలు. మూడు భాషల్లో బాకీ అడగడం వచ్చి ఉండాలి, ముఖ్యంగా ఒడియాలో నవ్వుతూ. చోటు సొంతమై, ఇంట్లో ఇంకో జీతం ఉంటే షెడ్డు మంచిది. ఇరవై ఏళ్లకే అద్దె చోటులో పెట్టడం మాత్రం వద్దంటాను. అప్పటికి మన చేతిలో ఉన్నది ఒక్క పద్ధతే.

షోరూము సర్వీస్ సెంటర్

మా మేనల్లుడికి దీని పేరెత్తితే మొహం మాడిపోతుంది. ‘అక్కడ ఏటుంది మావయ్యా, ఆయిలు మార్చడమే కదా’ అంటాడు. నిజమే, ఇంజిన్ దింపే అవకాశం తక్కువ, చాలావరకు పాతది తీసి కొత్తది పెట్టడమే. కానీ జాబ్ కార్డు రాయడం, ఏ బోల్టుకు ఎంత టార్క్ అని పుస్తకం చూసి బిగించడం, స్కానర్ పెట్టి డేటా చదవడం, తీసిన పనిముట్టు తీసిన చోటే పెట్టడం, ఇవన్నీ ఎవరి డబ్బుతోనో నేర్పిస్తారు. పీఎఫ్ ఉంటుంది, సెలవు ఉంటుంది. ఫార్ములా జట్టుకు సగం తయారైన మెకానిక్ షెడ్డులో కంటే ఇక్కడే దొరుకుతాడు. నేను కోయంబత్తూరులో మొదటి వారం నెట్టుకొచ్చింది నా చేతి పనితనంతో కాదు, సర్వీస్ సెంటర్లో అలవాటైన చిన్న నోటుబుక్కుతో.

అక్కడే ఐదేళ్లు ఉండిపోతే మాత్రం ఇబ్బంది. వినడం మర్చిపోతాం. స్కానర్ చెప్పకపోతే చేతులు కదలవు.

గని

మా అక్క మాట కొట్టిపారేయలేను. జీతం, క్వార్టర్సు, ఆసుపత్రి, పిల్లల చదువు అన్నీ చూస్తే దమన్‌జోడిలో కంపెనీ ఉద్యోగానికి మిగతా మూడూ సాటిరావు. పంచపట్మాలి కొండ మీద బాక్సైట్ తవ్వే డంపర్లు, ఎక్స్‌కవేటర్ల హైడ్రాలిక్సు కూడా చిన్న చదువేం కాదు. అయితే కంపెనీ ఉద్యోగం వేరు, కాంట్రాక్టరు కింద పని వేరు. మన కుర్రాళ్లలో ఎక్కువమందికి దొరికేది రెండోది. మా తోడల్లుడు ఆరేళ్లుగా కాంట్రాక్టులోనే ఉన్నాడు. కంపెనీలో చేరే దారి అప్రెంటిస్‌తో మొదలవుతుంది, నోటిఫికేషన్ కోసం కాచుకుని ఉండాలి. పెళ్లయినవాడికి, ఇంటి బరువు మీద పడ్డవాడికి నేను కళ్లు మూసుకుని గనే చెబుతాను. రేసు పిచ్చి పట్టినవాడిని అక్కడ కూర్చోబెడితే షిఫ్టు మధ్యలో ఫోనే చూస్తాడు, డంపర్ల దగ్గర అది ప్రమాదం.

రేసు కార్లు: వెళ్లాలంటే ఎక్కడికి

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు మన తెలుగు పిల్లలందరికీ ఇక హైదరాబాదే రేసుల ఊరు అనిపించింది. తర్వాతి ఏడాది ఆ రేసు రద్దయింది. వీధుల్లో ట్రాక్ కట్టి విప్పేసే ఊళ్లో మెకానిక్‌కు ఏడాది పొడవునా పని ఉండదు. వర్క్‌షాపులు ఉన్న చోటికి పోవాలి, అంటే కోయంబత్తూరు, చెన్నై. కోయంబత్తూరు చెట్టిపాళయంలో కరి మోటార్ స్పీడ్‌వే 2003లో వచ్చింది. మారుతి ఇంజిన్‌తో ‘ఫార్ములా మారుతి’ కార్లు తయారుచేసి ఈ దేశంలో మామూలు కుర్రాళ్లను రేసుల్లోకి తెచ్చిన ఎస్. కరివర్ధన్ పేరు దానికి పెట్టారు. ఆయన 1995లో విమాన ప్రమాదంలో పోయారు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ 1990 నుంచి ఉంది. గ్రేటర్ నోయిడాలో 2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ జరిగిన బుద్ధ్ సర్క్యూట్ ఉంది గానీ, అక్కడికి లారీలో కార్లు ఎక్కించుకుని వెళ్లొస్తారు.

మన రాయగడలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా కోయంబత్తూరు వైపే పోతుంది. కేరళ వెళ్లే నర్సింగు పిల్లలు, కూలీలు, మనమూ అందరం అందులోనే. ఇంకో తమాషా. మనకు జేకే అంటే జేకేపూర్ కాగితం మిల్లు, ఆ వాసన. అక్కడ జేకే అంటే టైర్లు, జాతీయ రేసింగ్ పోటీలు. రెండూ ఒకే వ్యాపార కుటుంబానివి. మొదటిసారి పిట్ గోడ మీద ఆ బోర్డు చూసి నాకు ఇల్లు గుర్తొచ్చింది.

మన జాతీయ పోటీల్లో నడిచే ఎల్‌జీబీ ఫార్ములా ఫోర్ కార్లలో ఉండేది 1300 సీసీ మారుతి సుజుకి ఇంజిన్. కాబట్టి ఇంజిన్ చూసి టెన్షన్ పడక్కర్లేదు, కొత్తగా నేర్చుకోవాల్సింది దాని చుట్టూ ఉన్నదంతా. ఇండియన్ ఫార్ములా ఫోర్ చాంపియన్‌షిప్‌లో మిగాల్ కంపెనీ చాసిస్ (కారు చట్రం), 1.3 లీటర్ల ఆల్పైన్ టర్బో ఇంజిన్. అందులో మెకానిక్ ఇంజిన్ జోలికి పెద్దగా పోడు, సీలు వేసి ఉంటుంది.

కొత్తది అన్నానుగా, ఒక్కటి చెబుతాను. నాలుగు చక్రాల కిందా నాలుగు కాటాలు పెట్టి, డ్రైవర్‌ను సీట్లో కూర్చోబెట్టి బరువు చూస్తారు. ఇంట్లో నులక మంచం గుర్తు తెచ్చుకోండి. ఒక కోడు కింద చెక్క ముక్క పెడితే బరువు ఆ కోడు మీదా, దానికి ఎదురు మూల ఉన్న కోడు మీదా పెరుగుతుంది, మిగతా రెండు తేలికవుతాయి. కారులో ఆ చెక్క ముక్క పని స్ప్రింగు కింద ఉండే తిప్పుడు పళ్లెం చేస్తుంది. సగం చుట్టు తిప్పితే కాటా మీద అంకెలు మారతాయి. ఎడమ మలుపులో బాగున్న కారు కుడి మలుపులో ఎందుకు జారుతోందో చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. ఇది అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇది విని మీకు ఆవలింత వస్తే, రేసు ముచ్చట ఇక్కడితో ఆపి షెడ్డుకు పోవచ్చు, తప్పేం లేదు.

రేసుల్లోనే ఇంకో ఎంపిక ఉంది, అది ఎవరూ చెప్పరు. మట్టి రోడ్ల మీద నడిచే ర్యాలీల్లో కారు దెబ్బలు తిని వస్తుంది, దాన్ని కొద్ది నిమిషాల్లో నిలబెట్టి పంపాలి. వెల్డింగు, సుత్తి, సమయస్ఫూర్తి. మన షెడ్డు కుర్రాళ్లు అక్కడ వెలుగుతారు. ఫార్ములాకు సర్వీస్ సెంటర్ చేయి, ర్యాలీకి షెడ్డు చేయి. చేతులు ఊరుకోనివాడు ఫార్ములాలో అవమానపడే బదులు ర్యాలీ జట్టును వెతుక్కోవాలి. బైకు రేసులూ ఉన్నాయి, నాకు వాటితో పరిచయం తక్కువ.

డబ్బు విషయం దాచను. కోయంబత్తూరులో నా మొదటి జీతం సర్వీస్ సెంటర్ జీతం కంటే తక్కువ. ఏడాది పొడవునా సీజన్ ఉండదు. కొన్ని జట్లు నెల జీతం ఇస్తాయి, కొన్ని రేసు ఉన్న వారానికే లెక్క కట్టి బత్తా ఇస్తాయి. ఇక్కడ సంపాదన టికెట్ల మీద రాదు, డ్రైవర్ తండ్రో స్పాన్సరో తెచ్చే డబ్బు మీద జట్టు నడుస్తుంది. ఆ పిల్లాడు మానేస్తే కారు ముసుగు వేసి మూలన పెడతారు, మనమూ మూలనే. చేరేటప్పుడు ‘రేసులు లేని నెలల్లో జీతం ఎలా?’ అన్నది మొదటి ప్రశ్నగా అడగండి. మొహమాటపడితే నాలాగా ఒక దసరా చేతిలో చిల్లిగవ్వ లేకుండా గడపాల్సి వస్తుంది. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాళ్ల దగ్గరికి అసలే వెళ్లొద్దు. జట్లు హెల్పర్ దగ్గర డబ్బు తీసుకోవు.

చీఫ్ అవ్వాలా?

‘ఐదు సీజన్లకే చీఫ్ అయిపోయావు కదా, నేను ఇంకా ముందే అవుతా’ అంటాడు మావాడు. మొదట పేర్ల గందరగోళం తీర్చాలి. అమెరికాలో స్టాక్ కార్ల రేసుల్లో క్రూ చీఫ్ అంటే అంతా ఆయనే, రేసు ఎత్తుగడతో సహా. ఫార్ములా కార్లలో ఆ పని రెండు ముక్కలు. కారు ఎలా నడవాలో, స్ప్రింగులు, రెక్కల కోణం ఎంతో రేస్ ఇంజనీర్ చెబుతాడు. చెప్పినట్టు కారు తయారైందా, సురక్షితంగా ఉందా అన్నది చీఫ్ మెకానిక్ పూచీ. ఐటీఐ కుర్రాడు హెల్పర్‌గా మొదలై రెండో మెకానిక్, మొదటి మెకానిక్, చీఫ్ దాకా రావచ్చు. రేస్ ఇంజనీర్ కావాలంటే బీటెక్ దారే నయం. గుణుపురంలోనో, పర్లాకిమిడిలోనో ఇంజనీరింగ్ చదివే పిల్లలు ఫార్ములా భారత్, సుప్రా లాంటి విద్యార్థి పోటీలకు కారు కట్టే జట్టు తమ కాలేజీలో ఉందేమో కనుక్కోవాలి, లేకపోతే పెట్టమని పోరాలి. ఆ కారు ఒక్కటి కట్టినా బయోడేటాలో రెండు సర్టిఫికెట్ల కంటే బరువు.

చీఫ్ పదవి గొప్పదే. ఇండియానాపోలిస్ 500 రేసును చీఫ్ మెకానిక్‌గా ఏడుసార్లు గెలిపించిన జార్జ్ బిగ్నొట్టి పేరు అక్కడ డ్రైవర్ల పేర్లతో సమానంగా తలుస్తారు. 1911లో ఆ రేసు మొదలైనప్పుడు మెకానిక్ కారులోనే పక్కన కూర్చునేవాడు, వెనక ఎవరొస్తున్నారో చూసి చెప్పేవాడు. రే హారౌన్ మాత్రం ఒక అద్దం బిగించుకుని ఒంటరిగా నడిపి గెలిచాడు. ఆ కారులోంచి మెకానిక్‌ను దింపేసింది ఒక అద్దం! 2022లో అదే రేసు గెలిచిన జట్టులో ఏంజెలా ఆష్మోర్ ఉంది, గెలిచిన జట్టు సిబ్బందిలో ఆమే మొదటి మహిళ. కాబట్టి ఆడపిల్లకు ఈ పనేమిటి అనేవాళ్లకు ఆ జవాబు చాలు.

ఇక పని మాటకొస్తే, చీఫ్ అయ్యాక నా చేతులకు గ్రీజు తగ్గింది, నిద్ర ఇంకా తగ్గింది. ఏ భాగం ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎప్పుడు తీసి పడేయాలి అన్న పట్టిక నాదే. తనిఖీ అధికారుల దగ్గర కారు నిలబెట్టడం, స్పేర్లు లారీ ఎక్కాయో లేదో చూడటం, కుర్రాళ్లు భోంచేశారో లేదో చూడటం కూడా. ఆకలితో ఉన్నవాడు బోల్టు మర్చిపోతాడు. అన్నిటికంటే కష్టం ఒక మాట అనడం: ‘ఈ కారు ఇప్పుడు బయటికి వెళ్లదు.’ క్వాలిఫయింగ్‌కు (రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగుకు) ఐదు నిమిషాలుంటుంది, డబ్బు పెట్టిన తండ్రి పక్కనే నిలబడి ఉంటాడు, డ్రైవర్ హెల్మెట్ పెట్టేసుకుని ఉంటాడు, నీకు ఒక్క బ్రేక్ పైపు మీద అనుమానం. నేను ఆ మాట రెండుసార్లు అన్నాను. ఒకసారి నా అనుమానం తప్పని తేలింది. ఆ సాయంత్రం ఎవరూ నాతో మాట్లాడలేదు. ఇది భరించలేనివాళ్లు మొదటి మెకానిక్‌గా ఉండిపోవడమే మేలు, నాకు తెలిసిన మంచి మెకానిక్‌లు చాలామంది అలాగే ఉండిపోయారు.

ఇంగ్లండు సంగతి కూడా అడుగుతారు. ఫార్ములా వన్ జట్లలో ఎక్కువ వాటి వర్క్‌షాపులు సిల్వర్‌స్టోన్ చుట్టుపక్కలే ఉన్నాయి, రేసింగ్ కోర్సులూ ఉన్నాయి. కానీ వీసా, ఫీజు కలిపితే మన పొలం అమ్మినా చాలదు. ఇక్కడ మూడు సీజన్లు చేయకుండా ఆ ఆలోచన వద్దు.

మావాడికి ఏం చెప్పానంటే

ఒక పరీక్ష పెట్టాను. షెడ్డులో మూలన పడి ఉన్న పాత స్విఫ్ట్ ముందు హబ్బు విప్పి, ప్రతి బోల్టు సైజు, టార్క్ నోటుబుక్కులో రాసి, శుభ్రం చేసి బిగించమన్నాను. మర్నాడు మళ్లీ అదే. మూడో రోజు మళ్లీ అదే. పాడవని హబ్బు. రెండో రోజు విసుక్కున్నాడు. మూడో రోజు, మొదటి రోజు తను రాసుకున్న ఒక అంకె తప్పని తనే పట్టుకున్నాడు. అప్పుడు నేను అక్కతో మాట్లాడాను.

మేం అనుకున్నది ఇది. మొదట ఏడాది బరంపురంలో సర్వీస్ సెంటర్. ఆ ఏడాదిలో సెలవు పెట్టి ఒక్క రేసు వారమైనా చెన్నైలోనో కోయంబత్తూరులోనో మార్షల్‌గా (ట్రాక్ పక్కన జెండాలు ఊపి భద్రత చూసే మనిషిగా) నిలబడాలి. ట్రాక్ క్లబ్బులు శిక్షణ ఇచ్చి తీసుకుంటాయి, పిట్ లేన్ మనుషుల ముఖాలు తెలుస్తాయి. ఆ తర్వాత సీజన్ ముగిసి కార్లన్నీ విప్పి పెట్టి ఉన్నప్పుడు వర్క్‌షాపులకు వెళ్లి హెల్పర్ పని అడగాలి. రేసు వారంలో వెళ్లి అడిగితే ఎవరూ తలెత్తి చూడరు. దేశమంతా చెల్లే ఎన్‌సీవీటీ సర్టిఫికెట్ కాబట్టి ఒడిశాది అక్కడ చెల్లదేమో అన్న భయం లేదు. తమిళం ఆరు నెలల్లో వస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజారులో హిందీ మాట్లాడి పెరిగినవాడికి నాలుగోది లెక్క కాదు. మూడు సీజన్లయ్యాక ఇరవై ఐదేళ్లు దాటవు, అప్పటికి నచ్చకపోతే గని నోటిఫికేషన్లకు ఇంకా వయసు ఉంటుందో లేదో ముందే చూసుకోమన్నాను.

అక్క ఒప్పుకుంది, దమన్‌జోడి అప్రెంటిస్‌కు కూడా ఫారం నింపాలన్న షరతు మీద. నింపాడు. రెండింట్లో ఏది ముందు పిలుస్తుందో చూడాలి. ఈలోగా షెడ్డులో బళ్ల బోల్టులన్నిటికీ పసుపు రంగు గీతలు కనిపిస్తున్నాయి. ఆ రంగు డబ్బా డబ్బులు వాడి ఖాతాలో రాశాను.